ప్రసవభయము – మంత్రసాని ధర్మము



గర్భిణికి పథ్యము చెప్పువారు ప్రతిగృహమునందును గలరు. ఆమె మనస్సులోని భయమును విచారించువారు మాత్రము అరుదు. "అందరును కనుటలేదా?" యని గద్దించి యూరకుందురు. గద్దింపుచే నోరు మూతపడునే గాని భయము తొలగదు.

భయమువలన దేహము బిగియుననియు, బిగువువలన నొప్పి హెచ్చుననియు, ఆ నొప్పి మరల భయమును బెంచుననియు ఆంగ్లవైద్యుడగు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933వ సంవత్సరమున ప్రకటించెను. నొప్పి యంతయు భయజనితమే యనుట సరికాదు. అట్లనిన బాధపడు స్త్రీమీదనే దోషము మోపినవార మగుదుము. కాని భయము బాధను హెచ్చించు ననుట నిజము. కావున దానిని దొలగించుటయు మంత్రసాని విధులలో నొకటి. అది మూడు విధములుగా నెరవేరును.

మొదటిది, అడిగి వినుట. ఒకతె నొప్పికి వెఱచును. ఒకతె పురిటిలో మరణించిన యక్కను దలచి వెఱచును. వేఱొకతె ఆడుశిశువు పుట్టిన అత్తవారే మందురో యని వెఱచును. భయము లన్నియు నొకటి కావు గాన వాని కన్నిటికి నొకే మందు లేదు. నిద్రాహారములు మాన్పునంతటి భయమైనచో వైద్యుని సాయము కోరవలెను. అందు సిగ్గుపడవలసినది లేదు.

రెండవది, తెలుపుట. నొప్పులు ఎడతెగక రావనియు, నడుమనడుమ విశ్రాంతి దొరకు ననియు, నడచుటయు నిదానముగా నూపిరి విడుచుటయు మేలనియు ముందే నేర్పవలెను. "ఏమియు గాదు" అని బొంకరాదు. రక్తస్రావమైన నేమి చేయుదురో, ఏ యాసుపత్రికి గొనిపోవుదురో చెప్పవలెను. సత్యమే ధైర్యమునకు మూలము.

మూడవది, విడువక ప్రక్క నుండుట. పదునైదువేలకు పైబడిన స్త్రీలకు సంబంధించిన 26 పరీక్షలను 2017లో సమీక్షింపగా, ప్రసవకాలమున ఎడతెగని తోడు గలవారికి సిజేరియన్ శస్త్రచికిత్సలు తక్కువయై, సహజప్రసవములు ఎక్కువయైనట్లు తేలెను. తాను కోరినవారిని తోడుంచుకొననిండని ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2018లో సూచించినది.

ఇట్టి మంత్రసానులు ఊరక లభింపరు. 2017లో తెలంగాణ ప్రభుత్వము నర్సులకు ఈ విద్యను నేర్పింప నారంభించినది; 2018లో భారత ప్రభుత్వము ఇందులకై మార్గదర్శకములు వెలువరించినది. గృహస్థులు చేయవలసినదియు గలదు. పురిటిమైల యను పేర తల్లిని ఒంటరిగదిలో నుంచుట మానుడు. శిశువు ఆడైనను మగయైనను సమాదరమే యని నేడే ఆమెతో చెప్పుడు. ఆ మాట మీరు తప్ప మంత్రసాని చెప్పజాలదు.

సర్వమాతయగు పరమేశ్వరుడు ప్రతితల్లికిని అభయ మొసంగు గాక! ఆ యభయము మనచేతుల మీదుగానే ఆమెను చేరవలెనని మఱవకుందము.