రూటర్ కొనే ముందు మీ ఇంటి గోడలు చూడండి

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అంటే మా వైపు చాలామంది నమ్మలేదు. కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగుతూ వచ్చారు. ఆ వెనకే ప్రైవేటు లైన్లూ దిగాయి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి ఊళ్లలో ఇప్పుడు చాలా ఇళ్లకు గడప దాకా ఫైబర్ ఉంది. తిప్పలన్నీ గడప లోపలే. హాల్లో బ్రహ్మాండంగా వచ్చే నెట్ పడకగదిలోకి వెళ్లేసరికి ఆగిపోతుంది. వెంటనే ఖరీదైన రూటర్ కొనేస్తారు. చుట్టాల ఇళ్లలో, మా ఇంట్లో పదేళ్లుగా ఈ పెట్టెలతో కుస్తీ పట్టి నేర్చుకున్నవి చెబుతాను.

1. కొనే ముందు, ఉన్నదాన్ని పరీక్షించండి. కేబుల్ అబ్బాయి బిగించి వెళ్లిన ఫైబర్ పెట్టెలోనే చాలాసార్లు వైఫై కూడా ఉంటుంది. దాని పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడు చూడండి. అక్కడ మీ ప్లాన్ ప్రకారం వస్తూ, లోపలి గదిలో రాకపోతే లోపం దూరానిది, గోడలది. అప్పుడు రూటర్ గురించి ఆలోచించాలి. పెట్టె పక్కనే రాకపోతే ల్యాప్‌టాప్‌కు లాన్ వైరు పెట్టి చూడండి. వైరులోనూ నెమ్మదిగానే ఉంటే లోపం లైనుది. ఎంత డబ్బు పోసి రూటర్ తెచ్చినా లైను బాగుపడదు.

2. గోడల మందం చూడండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పల్నాడు వైపు పాత రాతి మిద్దెల్లో గోడ మూరెడు మందం ఉంటుంది. కొత్త డాబాల్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన ఇనుప చువ్వలతో పోసిన స్లాబు. వైఫైకి ప్రధానంగా రెండు దారులున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదిగా పోతుంది కానీ గోడ దాటుతుంది, దూరం వెళుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది కానీ ఇలాంటి గోడ ఒకటి రెండు దాటేసరికి నీరసపడిపోతుంది. రెండూ ఉన్న డ్యూయల్ బ్యాండ్ రూటరే కొనండి. 2.4 ఒక్కటే ఉన్నది చవగ్గా వస్తోందని తెచ్చుకోకండి.

3. అట్టపెట్టె మీది అంకెకు మోసపోకండి. ఏసీ1200 అని ఉంటే 1200 ఎంబీపీఎస్ వేగం వస్తుందని కాదు. 2.4 మీద 300, 5 మీద 867 కలిపి, పైకి సర్ది ఆ అంకె వేస్తారు. ఒక ఫోను ఒకసారి ఒక దారిలోనే వెళుతుంది. పైగా అవి కాగితం మీది లెక్కలు, ఇంట్లో సగం దక్కితే గొప్ప. యాంటెన్నాల సంఖ్య కూడా అంతే. నరసరావుపేటలో మా బాబాయి ఆరు కొమ్ముల రూటర్ తెచ్చి టీవీ కింద చెక్క అరలో పెట్టి తలుపు వేశారు. పక్కన సెట్‌టాప్ బాక్సు, వెనక స్టెబిలైజరు. దాన్ని తీసి హాలు, వంటిల్లు కలిసే చోట గోడకు ఆరడుగుల ఎత్తున మేకుకు తగిలించాం. పైసా ఖర్చు లేకుండా పెరటి దాకా నెట్ వచ్చింది.

4. పోర్టులు గిగాబిట్ అవునా కాదా అడగండి. చవక రూటర్ల వెనక పోర్టులు చాలావాటికి 100 ఎంబీపీఎస్‌వే. 200 ప్లాన్ కట్టినా 100 దాటదు. 100 లోపు ప్లాన్ అయితే ఈ బాధ లేదు.

5. వైఫై 6 చాలు. ఒకే ఇంట్లో నాలుగు ఫోన్లు, టీవీ, కెమెరాలు ఉంటే అది వైఫై 5 కన్నా బాగా సర్దుకుంటుంది. వైఫై 7 రూటర్లు కూడా వస్తున్నాయి. మీ ఫోన్లు దానికి సరిపడేవి కాకపోతే ఆ ధర దండగ.

6. పత్తి పోసిన గదిలో రూటర్ పెట్టకండి. ధర కోసం ఎదురుచూస్తూ ముందుగదిలో పత్తి పోసి ఉంచడం మనకు అలవాటే. అదే గదిలో స్విచ్‌బోర్డు, అందులో లూజు ప్లగ్గు, దానికి అడాప్టరు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఇది సిగ్నల్ సంగతి కాదు, ఇంట్లోవాళ్ల ప్రాణాల సంగతి. ఆ గదిలో పత్తి ఉన్నన్నాళ్లు పెట్టెను వేరే గదికి మార్చండి. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు ఉందో లేదో కూడా చూసుకోండి.

7. వేడి, దుమ్ము. ఇంట్లో వాడే రూటర్లు మామూలుగా 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి. రెంటచింతల ఎండలు 45 దాటడం మనం చూస్తూనే ఉన్నాం. రేకుల కింద అటక మీద పెడితే అది ఉడికిపోయి మాటిమాటికీ ఆగుతుంది. దుమ్ము పడుతుందని పైన గుడ్డ కప్పితే ఇంకా చేటు. కాయ ఆరబెట్టే రోజుల్లో మిర్చి ఘాటుతో పాటు సన్నటి దుమ్ము కూడా ఇంట్లోకి వచ్చి పెట్టె చిల్లుల్లో పేరుకుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడి బ్రష్షుతో నెలకోసారి దులపండి. బీరువా, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టవద్దు. ఇనుము సిగ్నల్‌ను అడ్డుకుంటుంది, నీళ్లు పీల్చేస్తాయి.

8. కరెంటు పోతే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. ఇన్వర్టర్ ఉన్నా, దానికి మారే ఆ ఒక్క క్షణంలో చాలాసార్లు రూటర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. రెండు మూడు నిమిషాలు పోతాయి. అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడుతున్న తల్లికి ఆ మూడు నిమిషాలు చిన్నవి కావు. మినీ యూపీఎస్ అని చిన్న పెట్టె దొరుకుతుంది. కొనేటప్పుడు మీ రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, యాంపియర్లు చూసుకోండి. చాలావాటికి 12 వోల్టులు, 1 లేదా 1.5 యాంపియర్లు ఉంటుంది. 9 వోల్టులవీ ఉన్నాయి, పొరపాటు పడితే పెట్టె కాలిపోవచ్చు. 30 వాట్-అవర్ల బ్యాటరీ 10 వాట్లు వాడే పెట్టెను మూడు గంటలకు కాస్త తక్కువగా నడుపుతుంది. ఫైబర్ పెట్టె, రూటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ యూపీఎస్ కావాలి. ఒకదానికే పెట్టి నెట్ రాలేదని తిట్టుకునేవాళ్లను చూశాను. కేబుల్ అబ్బాయిని ఒక మాట అడగండి: "కరెంటు పోతే మీ ఆఫీసులో లైను ఉంటుందా?" అక్కడే ఆగిపోయేటట్టయితే మీ యూపీఎస్ ఖర్చు వృథా.

9. పై అంతస్తుకు వైరు లాగండి. రిపీటర్ పెడితే పని జరుగుతుంది కానీ మామూలు రకాల్లో వేగం సగానికి పడిపోతుంది. స్లాబు కింద పెద్ద రూటర్ పెట్టడం కన్నా, పైకి క్యాట్-6 వైరు లాగి, మూలన పడేసిన పాత రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చి తగిలించడం మేలు. వైరు స్వచ్ఛమైన రాగిదేనా అని అడిగి కొనండి. అల్యూమినియం మీద రాగిపూత వేసినవి చాలా అమ్ముతున్నారు. ఇల్లు కడుతున్నవాళ్లయితే ప్లాస్టరింగు కాకముందే గోడల్లో ఒక పైపు వేయించుకోండి.

10. మిర్చి కళ్లంలో కెమెరా కోసమైతే. నెలల కష్టం అక్కడ ఎర్రగా పరిచి ఉంటుంది, రాత్రుళ్లు నిద్ర పట్టదు. చవక వైఫై కెమెరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. రూటర్‌లో రెండు దారులకూ ఒకే పేరు ఉంటే కొన్ని కెమెరాలు కలవవు. సెట్టింగుల్లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. కళ్లం ఇంటిని ఆనుకుని ఉంటేనే ఇంటి రూటర్ మీద ఆశ పెట్టుకోండి. పొలంలో ఉంటే సిమ్ వేసే 4జీ కెమెరా తీసుకోండి.

11. ఉరుములు మొదలవకముందే ప్లగ్గు తీసేయండి. ఫైబర్ గాజు తీగ, దాంట్లో కరెంటు పారదు. కానీ పిడుగు దెబ్బ అడాప్టర్ ద్వారా వస్తుంది, బయట వేలాడే లాన్ వైరు ద్వారా వస్తుంది. పక్కింటికి గోడ మీదుగా లాన్ వైరు లాగి నెట్ పంచుకునేవాళ్లు మరీ జాగ్రత్త.

12. పాస్‌వర్డులు రెండు మార్చాలి, ఒకటి కాదు. వైఫైది అందరూ మారుస్తారు. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డును వదిలేస్తారు. కాయలు చూడ్డానికి వచ్చిన వ్యాపారికో, కూలీలకో నెట్ ఇవ్వాలంటే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి ఇవ్వండి.

13. గోడకు ఒక కాగితం అంటించండి. మా అమ్మ ఒక్కతే ఉండే ఇంట్లో రూటర్ పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను: "లైట్లు ఏవీ లేకపోతే స్విచ్ చూడు. ఎర్ర లైటు వెలిగితే నువ్వేమీ చేయకు, కేబుల్ అబ్బాయికి ఫోన్ చెయ్యి." కింద అతని నంబరు. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని ఉన్న చోట ఎర్ర లైటు వెలిగిందంటే చాలాసార్లు లైను ఎక్కడో తెగినట్టే. పత్తి బోరేలు ఎత్తుగా వేసుకుని వెళ్లే లారీ కేబుల్‌ను తెంపుకుపోయి ఉండొచ్చు, కోతులు కొరికి ఉండొచ్చు. రూటర్‌ను పదిసార్లు ఆపి మళ్లీ వేసినా ఆ తెగిన లైను అతుక్కోదు. ఆ కాగితం అంటించాక అమ్మ ఊరికే స్విచ్‌లు నొక్కడం మానేసింది. నంబరు చూసి ఫోన్ చేస్తుంది, సాయంత్రానికి లైను వస్తుంది.