పీడీఎఫ్ ఏ యాప్‌లో తెరుచుకోవాలో మీరే సెట్ చేసుకోండి: ఈ-ఆధార్‌లో ఆ ప్రశ్న గుర్తు ఇలా పోతుంది

ఈ మధ్య పుప్పాలగూడలో ఫ్లాట్ మారాం. రెంటల్ అగ్రిమెంట్‌కి ఓనర్ గారు ఈ-ఆధార్ ప్రింట్ అడిగారు. యూఐడీఏఐ సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసి, డబుల్ క్లిక్ చేసి, ప్రింట్ తీసి ఇచ్చేశా. సాయంత్రం ఫోన్ వచ్చింది. "బాబూ, సంతకం దగ్గర ప్రశ్న గుర్తు ఉంది, వాలిడిటీ అన్‌నోన్ అని రాసుంది. ఇది అసలుదేనా?"

అసలుదే. కాకపోతే నా ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్‌లన్నీ క్రోమ్‌లో ఓపెన్ అవుతాయి. క్రోమ్ ఆ సంతకం బొమ్మని చూపిస్తుందే గానీ, సంతకం నిజమైనదో కాదో చెక్ చేయదు. ఆ పని చేసే అడోబ్ రీడర్ కూడా సిస్టమ్‌లోనే ఉంది, కానీ డిఫాల్ట్‌గా లేదు.

విండోస్ ఫైల్ లోపల ఏముందో చూసి యాప్‌ని ఎంచుకోదు. పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్ మాత్రమే చూస్తుంది. డాట్ పీడీఎఫ్‌కి ఒక యాప్, డాట్ డాక్స్‌కి ఇంకో యాప్ అని ఒక్కో రకానికి ఒక్కో సెట్టింగ్. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, కొత్త యాప్ ఇన్‌స్టాల్ అయినంత మాత్రాన మనల్ని అడక్కుండా డిఫాల్ట్ మార్చేసుకోవడం కష్టం చేశారు. మంచిదే, కానీ రీడర్ వేశాక కూడా పాత బ్రౌజరే ఎందుకు తెరుచుకుంటోంది అనే ప్రశ్నకి జవాబు ఇదే. విండోస్ 11లో 2022 మార్చి అప్‌డేట్‌తో బ్రౌజర్‌కి 'సెట్ డిఫాల్ట్' బటన్ ఇచ్చారు. అది వెబ్ లింకులకీ, హెచ్‌టీఎంఎల్ ఫైల్స్‌కే. పీడీఎఫ్ దాని కిందకి రాలేదు.

మార్చడానికి ఒక్క నిమిషం చాలు. ఏదైనా పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ విత్', అందులో 'చూజ్ అనదర్ యాప్' నొక్కండి. అడోబ్ రీడర్ సెలెక్ట్ చేసి 'ఆల్వేస్' కొట్టండి. 'జస్ట్ వన్స్' కొడితే ఈసారికే పని చేస్తుంది, చాలామంది పొరపాటు ఇక్కడే. విండోస్ 10లో అయితే యాప్ ఎంచుకున్నాక కింద చిన్న టిక్ బాక్స్ ఉంటుంది, అది పెట్టాలి. మ్యాక్‌లో ఫైల్ సెలెక్ట్ చేసి కమాండ్-ఐ నొక్కి, 'ఓపెన్ విత్' దగ్గర యాప్ మార్చి 'చేంజ్ ఆల్' నొక్కాలి. అది మర్చిపోతే ఆ ఒక్క ఫైల్‌కే మారుతుంది.

ఇప్పుడు ఆధార్ సంగతి. రీడర్‌లో తెరవండి. పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కనే పుట్టిన సంవత్సరం. సంతకం మీద రైట్ క్లిక్ చేసి 'సిగ్నేచర్ ప్రాపర్టీస్', తర్వాత 'షో సైనర్స్ సర్టిఫికెట్'. ఇక్కడ తొందరపడొద్దు. ఎడమ పక్క కనిపించే వరుసలో అన్నిటికన్నా పైన 'సీసీఏ ఇండియా' ఉందో లేదో చూడండి. ఐటీ చట్టం 2000 కింద మన దేశంలో డిజిటల్ సంతకాలకి మూలం అదే. అది ఉంటేనే దాన్ని సెలెక్ట్ చేసి, 'ట్రస్ట్' ట్యాబ్‌లో 'యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్' నొక్కండి. బయటికొచ్చి 'వాలిడేట్ సిగ్నేచర్' కొడితే ప్రశ్న గుర్తు పోయి పచ్చ టిక్ వస్తుంది. అప్పుడు ప్రింట్ తీయండి. చూడకుండా ట్రస్ట్ నొక్కితే ఎవడో తయారుచేసిన దొంగ సర్టిఫికెట్‌కి కూడా పచ్చ టిక్ వస్తుంది, జాగ్రత్త. అన్నట్టు, డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ ఎంచుకోండి, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఓనర్ ఒప్పుకుంటే అదే ఇవ్వడం మేలు.

ఇంకొక్క సెట్టింగ్ కూడా మార్చేయండి. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్‌ని దాచేస్తుంది. అందుకే 'ఆధార్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' అనే ఫైల్ మీకు 'ఆధార్.పీడీఎఫ్' లాగే కనిపిస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే రీడర్ రాదు, లోపలున్న ప్రోగ్రామ్ నేరుగా రన్ అవుతుంది. విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ', 'షో', 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఆన్ చేయండి. వాట్సాప్‌లో చలాన్ అని వచ్చే ఏపీకే ఫైల్స్‌ది కూడా ఇదే నాటకం. పేరు కాదు, చివరి మూడు అక్షరాలు చూడండి.

మా ఓనర్ గారికి పచ్చ టిక్ ఉన్న ప్రింట్ మర్నాడు ఇచ్చాను. అగ్రిమెంట్ అయిపోయింది. ఇప్పుడు ఆయన తన ల్యాప్‌టాప్ కూడా తెచ్చిచ్చారు, వాళ్లబ్బాయి సర్టిఫికెట్లు చూసిపెట్టమని.