అమ్మానాన్నలకు కాలేజీ పాఠం చెబుదాం



"తల్లిదండ్రులు పిల్లల చదువుకు అండగా నిలవాలి" అని ప్రతి వార్షికోత్సవ సభలోనూ పెద్దలు చెబుతుంటారు. నిజమే. కానీ కాలేజీ గేటు లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని మన అమ్మానాన్నలు ఎలా అండగా నిలవాలి? దేనికి డబ్బు కట్టాలో, దేనికి కట్టనక్కర్లేదో వాళ్లకు ఎవరు చెప్పారు? ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నది మనమే. కనుక ఆ పాఠం చెప్పవలసిన బాధ్యత కూడా మనదే.

ఒక అనుభవం

డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో మా గదిలో ముగ్గురం ఇంగ్లీషు పేపరు తప్పాము. ముగ్గురమూ ఇంట్లో చెప్పలేదు. ఫలితాలు ఇంకా రాలేదని ఫోన్‌లో అబద్ధమాడుతూ వచ్చాం. ఊళ్లో ఎవరి ద్వారానో మా నాన్నకు సంగతి తెలిసింది. మర్నాడు పొద్దున్నే హాస్టల్‌కు వచ్చాడు. కోప్పడలేదు. నేరుగా వార్డెన్ గారి దగ్గరకు వెళ్లి, "సారూ, ఎంత కడితే మా పిల్లగాడు పాసైతడు?" అని అడిగాడు. కండువా కొసన 5,000 రూపాయలు ముడివేసి ఉన్నాయి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు అది.

వార్డెన్ గారు నాన్నను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. "పాస్ కావడానికి డబ్బు కట్టేది లేదు. పిల్లవాడు ఆ పేపరు మళ్లీ రాయాలి. దానికి ఫీజు కొద్ది వందలు, అంతే" అని విడమరిచి చెప్పారు. నాన్న ఆ మాట మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నాడు. బస్సు ఎక్కేముందు మాతో ఒక్కటే అన్నాడు: "ఈ ముచ్చట నువ్వే చెప్పి ఉంటే ఈ అప్పు తెచ్చేటోణ్ణి కాదు గద బిడ్డా."

అసలు ఆ వారంలోనే తిరిగి ఇచ్చినా షావుకారు నెల వడ్డీ 150 రూపాయలు పట్టుకున్నాడు. మేము ఆడిన అబద్ధానికి నాన్న కట్టిన జరిమానా అది.

ఎందుకు దాస్తాం?

ఒకటి భయం, రెండు సిగ్గు. మూడోది "వాళ్లకేం తెలుస్తుందిలే" అనే చిన్నచూపు. ఈ మూడోదే అన్నిటికన్నా చెడ్డది. మహిళా సంఘంలో పొదుపు, అప్పు, వడ్డీ లెక్క తప్పకుండా చూసే అమ్మకు సెమిస్టర్ లెక్క అర్థం కాదా? ఎకరానికి విత్తనం ఎంత, ఎరువు ఎంత అని నోటితోనే చెప్పగల నాన్నకు స్కాలర్‌షిప్ లెక్క అందదా? లోపం వాళ్ల తెలివిలో లేదు. మనం చెప్పకపోవడంలో ఉంది.

ఇంటి దగ్గర చెప్పవలసిన పాఠాలు

1. చదువు లెక్క: మూడేళ్ల డిగ్రీకి ఆరు సెమిస్టర్లు. ఒక పేపరు తప్పితే దాన్ని బ్యాక్‌లాగ్ అంటారు. మళ్లీ రాసుకోవచ్చు, చదువు అక్కడితో ఆగిపోదు. కానీ వదిలేస్తే పేరుకుపోతుంది. చేనులో కలుపు లాంటిదని చెప్పండి. మొదటి వారంలో ఒక్కరు తీసేది, నెల దాటితే పదిమంది కూలీలు కావాలి. అమ్మానాన్నలకు వెంటనే అర్థమవుతుంది.

2. తేదీల లెక్క: పరీక్షల తేదీలు తెలియగానే ఇంట్లో గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టించండి. మా ఖమ్మం వైపు జనవరి నుండి మిరప కోతలు జోరుగా సాగుతాయి. కూలీలు దొరకరు. "రెండు రోజులు వచ్చిపో బిడ్డా" అని ఫోన్ వస్తుంది. తేదీ ముందే తెలిస్తే వాళ్లే పిలవరు. హాజరు 75 శాతం కన్నా తగ్గితే స్కాలర్‌షిప్‌కు ఇబ్బంది అవుతుందని కూడా చెప్పండి. ప్రతి పెళ్లికీ, జాతరకూ ఎందుకు రాలేకపోతున్నామో తెలుస్తుంది.

3. డబ్బు లెక్క: స్కాలర్‌షిప్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి కాలేజీ ఫీజు, రెండోది విద్యార్థి పోషణ ఖర్చు. ఒకసారి మంజూరైతే సరిపోదు, ఏటా రెన్యువల్ చేసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ పథకంలో ఎస్సీ విద్యార్థులకు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. డబ్బు విడుదల ఆలస్యం కావచ్చు. కాలేజీ నుండి ఫీజు కోసం ఫోన్ వస్తే, అప్పుకు పోకముందు మనతోనూ, వార్డెన్ గారితోనూ మాట్లాడమని చెప్పండి.

4. కాగితాల లెక్క: పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఒకే సంచిలో ఉండాలి. అన్నిటిలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా దరఖాస్తు ఆగిపోవచ్చు. ఆదాయ పత్రం పాతబడితే వేసవిలోనే మీసేవలో కొత్తది తీయించుకోవాలి. ఇది నాన్న చేయగల పని. ఆయనకే అప్పగించండి.

చదువురాని చేతుల సాయం

"మాకు చదువు రాదు, మేమేం చేస్తం?" అని అమ్మానాన్నలు అంటే బాబాసాహెబ్ అంబేద్కర్ తండ్రి రాంజీ గారి సంగతి చెప్పండి. ఆయన చదువుకున్నవారే, సైనిక పాఠశాలలో బోధించినవారే. అయినా కొడుకు కోసం చేసిన పనుల్లో గొప్పవి చదువుతో పనిలేనివి. బొంబాయిలో కుటుంబమంతా ఒకే గదిలో ఉండేది. కొడుకును పెందలాడే పడుకోబెట్టి, రాత్రి రెండు గంటలకు లేపి, తర్వాత తాను నిద్రపోయేవారు. పుస్తకాలు కొనడానికి కూతుళ్ల నగలు తెచ్చి కుదువపెట్టేవారు. ఆ కొడుకు 1907లో మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. చోటు, సమయం, ధైర్యం ఇవ్వడానికి డిగ్రీ అక్కర్లేదు.

చెల్లెళ్లకు ఇంకో మాట. రెండో ఏడాది రాగానే సంబంధాల మాట మొదలవుతుంది. "ఇప్పుడే పెళ్లి వద్దు" అని ఏడిస్తే వినకపోవచ్చు. "ఇంకా మూడు సెమిస్టర్లున్నాయి, ఫలానా నెలకు డిగ్రీ చేతికొస్తుంది, ఆ తర్వాత బీఈడీకో గ్రూప్స్‌కో అర్హత ఉంటుంది" అని లెక్కగా చెప్పండి. అమ్మను ముందు మీ వైపు తిప్పుకోండి. అవసరమైతే మేడమ్ గారితో ఒకసారి ఫోన్ చేయించండి.

ఇంకొక విషయం కూడా ఇంట్లో చెప్పి ఉంచాలి. పిల్లలు ఫోన్ ఎత్తడం మానేసినా, ముభావంగా ఉన్నా తిట్టకుండా, "ఏమైంది?" అని అడగమనండి. మనకూ ఎవరికీ చెప్పుకోలేని బాధ కలిగితే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన టెలీ మానస్ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఒక సాయంత్రం అమ్మానాన్నల దగ్గర కూర్చుని ఈ లెక్కలన్నీ చెప్పండి. వాళ్లు హాస్టల్‌కు వస్తే గేటు దగ్గరి నుండే పంపించకండి. కాలేజీకి తీసుకెళ్లి మీ తరగతి గది, లైబ్రరీ చూపించండి. వాళ్ల బట్టలు చూసి సిగ్గుపడకండి.

ఇంగ్లీషు పేపరు మేము ముగ్గురమూ మళ్లీ రాసి పాసయ్యాం. పీజీకి వచ్చాక కూడా ప్రతి సెమిస్టర్ చివర నాన్న ఫోన్ చేసి, "ఏమన్న ఆగినయా?" అని అడుగుతాడు. ఊళ్లో ఎవరి పిల్లలు ఇంటర్ పాసైనా వాళ్లింటికి వెళ్లి, "ముందు ఇన్‌కమ్ సర్టిఫికెట్ తీసి పెట్టుకోండ్రి" అని చెబుతున్నాడు.