ట్యాగు ఊడితే బీమా రాదా?

ప్రశ్న: సంతలో కొన్న ముర్రా గేదెకు బీమా చేయించాను. మేతకు వెళ్లినప్పుడు చెవి ట్యాగు కంపకు తగిలి ఊడిపోయింది. నెల తిరక్కుండానే గేదె చనిపోయింది. ట్యాగు లేదని కంపెనీ క్లెయిము ఇవ్వనంటోంది. ఉన్నది ఆ ఒక్క గేదే. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాడి రైతు

జవాబు: అప్పుడే ఆశ వదులుకోకండి. ‘ట్యాగు లేకుంటే క్లెయిము లేదు’ అనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, నిజమే. కానీ ఆ షరతు పెట్టిందే చనిపోయింది బీమా చేసిన పశువేనా అని తేల్చుకోవడానికి. అది వేరే ఆధారాలతో తేలితే డబ్బు అడగడం న్యాయమే. బీమా చేసిన నాటి ఫొటోలు వెతకండి. ఆరోగ్య ధ్రువపత్రంలో డాక్టరు రాసిన కొమ్ముల మెలిక, సుడులు, తోక కుచ్చు రంగు పోస్టుమార్టం రిపోర్టుతో సరిపోతున్నాయేమో పక్కపక్కన పెట్టి చూడండి.

ఎందుకివ్వరో కాగితం మీద రాసిమ్మని కంపెనీని అడగండి. తర్వాత వాళ్ల ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. లేదా మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు కేసు వేయాలి. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపే కనుక ఫీజు ఉండదు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేసి న్యాయసేవల సహాయం కోరండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ‘సంతలో కొన్న’ అన్న మాట. గాలికుంటు టీకాల కార్యక్రమంలో వేసే 12 అంకెల పసుపు ట్యాగు పశువుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ‘భారత్ పశుధన్’లో యజమాని పేరుతో నమోదవుతుంది. పశువు చేతులు మారినా, ఆ పేరు దానంతటది మారదు. సంత బేరాలు నోటిమాట మీదే నడుస్తాయి, రశీదు అడిగేవారే తక్కువ. చివరకు గేదె మీ కొట్టంలో, పేరు పాత ఆసామిది! క్లెయిము అడిగేటప్పుడు గేదె మీదేనని చూపడం కష్టమవుతుంది. పేరు మార్చే ఏర్పాటు ప్రతి సంతలోనూ ప్రభుత్వమే చేయాలి. చదువురాని రైతు మీద ఈ భారమంతా వేయడం అన్యాయం.

అది జరిగేదాకా, కొన్నరోజే అమ్మినవారి సంతకంతో, ట్యాగు నంబరుతో రశీదు రాయించుకుని పశువైద్యశాలలో పేరు మార్పించండి. పాత యజమాని బీమా ఇంకా నడుస్తుంటే దాన్నీ మీ పేరుకు బదిలీ చేయించుకోండి. ట్యాగు ఊడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకూ కంపెనీకీ రాతపూర్వకంగా తెలిపి, అందిన ముద్ర వేయించుకోండి. కొత్త ట్యాగు వేయించి, దాని నంబరు పాలసీలో ఎక్కిందో లేదో మీ కళ్లతో చూసుకోండి.