రాజకీయ గండముల నెఱుగు వృత్తి

పరదేశమున ధనము పెట్టువారికి వ్యాపారనష్టముగాక వేఱొక భయము గలదు: ప్రభుత్వము మాఱినచో నొడంబడిక నిలుచునా? ఈ గండమును ముందుగా నంచనా వేయుట నేడొక వృత్తియైనది. విద్యార్థులకై దానిని సంగ్రహముగా వివరింతుము.

1993లో మహారాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి, అమెరికాకు చెందిన ఎన్రాన్ సంస్థ స్థాపించిన దాభోల్ కంపెనీతో విద్యుత్తు కొనుట కొడంబడిక చేసికొనెను. ధర మిక్కుటమని ప్రతిపక్షమువారు ఎన్నికల సభలలో నెలుగెత్తి చాటిరి. 1995లో వారే గెలిచి యొడంబడికను రద్దుచేసిరి. మరల బేరము కుదిరి 1999లో విద్యుత్తు పుట్టినను, ధర వివాదము తెగక 2001లో కర్మాగారము మూతపడెను.

సంతకము గట్టిదే, కాని దాని భారము మోయువారి మనస్సు పత్రములో వ్రాసియుండదు. ఆ మనస్సును గ్రహించుటయే యీ వృత్తి. ఇందులకు చరిత్ర, అర్థశాస్త్రము, న్యాయశాస్త్రము అభ్యసింపవలయును. ఆ దేశభాష నేర్చి యచటి పత్రికలను, శాసనసభా చర్చలను స్వయముగా చదువవలయును. మార్పు జరుగునని గాని జరుగదని గాని తెగవేసి చెప్పక, పదింట నెన్నిపాళ్లు సంభవమో తేదీతో వ్రాసియుంచి, పిమ్మట ఫలితముతో సరిచూచుకొనవలయును.

అన్నిటికంటె ధైర్యము ముఖ్యము. జీతమిచ్చువాడు వినగోరు మాట చెప్పువాడు వందిమాగధుడగును. వినవలసిన మాట చెప్పువాడే మంత్రి యగును.