చేతిగీత – నుదుటిరాత – చట్టం రాత

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

మానవుడు తన రేపటిని తెలుసుకోవాలని అనాదిగా తాపత్రయపడుతూనే వున్నాడు. నక్షత్రాలు చూశాడు, బల్లి పలుకు విన్నాడు, చిలక చేత కార్డు తీయించాడు. వీటన్నిటికంటే చవకైనదీ, ఎప్పుడూ వెంట వుండేదీ అరచెయ్యి. అందుకే హస్తసాముద్రికానికి అంత గిరాకీ.

మా ఊరి సంతకు వచ్చిన కోయదొర ఒకసారి మా నాన్న చెయ్యి చూసి ధనరేఖ బ్రహ్మాండంగా వుందన్నాడు. ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. "మన గీత ఇంతేరా" అన్నాడు నాన్న. గీత బాగుందన్న మాటా పోయింది, పంటా పోయింది. నింద మాత్రం గీత మీదే పడింది. చెరువులో ఏళ్ళ తరబడి పేరుకున్న పూడిక సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినవి రెండు విషయాలు. చేతిగీతలు ఎక్కడినుంచి వచ్చాయి? మనిషి బతుకును నిజంగా మలుపు తిప్పే గీతలు ఏవి?

గీతల పుట్టుక

అరచేతి పెద్ద గీతలు బిడ్డ తల్లి కడుపులో వుండగానే, సుమారు ఏడో వారం నుంచి పద్నాలుగో వారం లోపల ఏర్పడతాయి. చెయ్యి ముడుచుకునేటప్పుడు చర్మం ఎక్కడ మడతపడాలో అక్కడ లోపలి పొరకు అతుక్కుని వుంటుంది. ఇంటి తలుపుకు బందులెలాగో, చేతికి ఈ మడతలు అలాగ. ఆయుర్రేఖ అని మనం పిలిచేది బొటనవేలు కదలడానికి ఏర్పడిన మడత.

అయితే ఈ గీతలు ఏమీ చెప్పవని అనడానికి వీల్లేదు. అరచేతికి అడ్డంగా ఒకే గీత వుండటం డౌన్ సిండ్రోమ్ వున్నవారిలో సుమారు సగం మందికి కనిపిస్తుంది. 21వ క్రోమోసోమ్ మూడు ప్రతులుగా వుండటం ఇందుకు మూలమని 1959లో తేలింది. కానీ ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లోనూ ఈ ఒంటిగీత వుంటుంది. కనుక డాక్టరు దాన్ని ఒక సూచనగా తీసుకుని పరీక్ష చేయిస్తాడు, తీర్పు చెప్పడు. శాస్త్రానికీ జోస్యానికీ తేడా ఇక్కడే వుంది.

వేలిముద్రల సంగతీ అంతే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ముద్రలను వర్గీకరించే పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్ళు ఎంతో శ్రమించారు. చెయ్యి మనిషెవరో చెప్పగలదు. ఏమవుతాడో చెప్పలేదు.

కీరో – ఆస్కార్ వైల్డ్

హస్తసాముద్రికం అనగానే గుర్తొచ్చే పేరు కీరో. అసలు పేరు విలియం జాన్ వార్నర్, ఐర్లండు వాడు (1866–1936). ఈ విద్య మన దేశంలోనే నేర్చుకున్నానని రాసుకున్నాడు. లండన్‌లో ఒక విందులో, మనిషి కనిపించకుండా తెర వెనుకనుంచి చాపిన చేతులు చూశాడట. ఎడమ చెయ్యి రాజుది, కుడి చెయ్యి తనను తానే దేశం వెళ్ళగొట్టుకునే రాజుది అన్నాడట. ఆ చేతులు నాటకకర్త ఆస్కార్ వైల్డ్‌వి.

1895లో మగవారితో సంబంధం పెట్టుకున్నాడన్న నేరానికి వైల్డ్‌కు రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. విడుదలయ్యాక ఫ్రాన్సు వెళ్ళిపోయి 1900లో, 46 ఏళ్ళకే పారిస్‌లో చనిపోయాడు. చూశారా, గీత నిజమైంది అంటారు. కీరో స్మృతులు అచ్చయింది 1912లో! అంతా జరిగిపోయిన పన్నెండేళ్ళకు బయటికొచ్చిన జోస్యం తప్పడం కష్టం.

అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. వైల్డ్‌ను జైలుకు పంపిన చట్టం 1885 నాటిది. అదే పని ఫ్రాన్సులో 1791 నుంచే నేరం కాదు. అంటే అవే చేతులు, అవే గీతలు. మధ్యనున్న సముద్రపు పాయ దాటితే శిక్ష లేదు. కనుక వైల్డ్‌ను పడగొట్టిన గీత అరచేతిలో లేదు, చట్టపుస్తకంలో వుంది.

మన దేశపు సంగతి

ఇంగ్లీషువాళ్ళు 1860లో మనకు శిక్షాస్మృతి రాసి పెట్టారు. అందులోని 377వ సెక్షను స్వలింగ సంపర్కానికి యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. ఇంగ్లండు, వేల్స్‌లలో ఆ నేరాన్ని 1967లో చాలావరకు ఎత్తేశారు. మనకు మాత్రం 2018 సెప్టెంబరు 6 దాకా మిగిలింది. ఢిల్లీ హైకోర్టు 2009లో కొట్టివేస్తే సుప్రీంకోర్టు 2013లో తిరిగి నిలబెట్టింది. చివరకు 2018లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపూర్వకంగా కలిసే వయోజనులకు అది వర్తించదని చెప్పింది.

నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం ఒకటి హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టివేసింది. బస్టాండులో చప్పట్లు కొట్టే మనిషిని చూసి "దాని ఖర్మ" అని మొహం తిప్పుకుంటాం. ఆ ఖర్మలో వందేళ్ళపాటు సర్కారు కాగితం పాలు ఎంతో లెక్క కట్టలేదు.

బయటి ఒత్తిడి

ఈ మాట హాస్టల్లో ఎత్తితే "ఇవన్నీ ఫారిన్ గోలలురా" అంటారు మిత్రులు. ఏది ఫారిన్? తెచ్చిందీ బయటివాళ్ళే, ఇప్పుడు తీసెయ్యమంటున్నదీ వాళ్ళే. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని థెరిసా మే, వలస కాలంలో అలాంటి చట్టాలు చేసినందుకు విచారం వెలిబుచ్చారు.

అయినా మిత్రుల మాటలో కొంత పస లేకపోలేదు. ఉగాండా చూడండి. 2009లో అమెరికా మతప్రచారకులు కంపాలాకు వచ్చి స్వలింగ సంపర్కులకు వ్యతిరేకంగా సదస్సు పెట్టారు. 2014లో కఠినమైన చట్టం వచ్చింది. వెంటనే ప్రపంచబ్యాంకు 9 కోట్ల డాలర్ల అప్పు ఆపింది. ఆ అప్పు తల్లీబిడ్డల ఆరోగ్యానికి ఉద్దేశించినది! కోరం లేదన్న కారణంతో కోర్టు ఆగస్టులో ఆ చట్టాన్ని కొట్టేసింది. 2023లో కొన్ని సందర్భాలకు మరణశిక్షతో మళ్ళీ చట్టం వచ్చింది, బ్యాంకు మళ్ళీ కొత్త అప్పులు ఆపింది. 2025లో తిరిగి ఇస్తామంది. చట్టం మాత్రం పోలేదు.

ఎద్దులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్లు, దెబ్బ తగిలేది ఆస్పత్రి గుమ్మంలోని గర్భిణికి. ఆ కోపం మళ్ళీ పడేది ఎవరిని కాపాడదామనుకున్నారో వాళ్ళ మీదే. 2011లో బ్రిటన్ సాయం ఆపుతామని బెదిరించినప్పుడు ఆఫ్రికాలోని హక్కుల ఉద్యమకారులే ఇది వద్దని ప్రకటన చేశారు. అలాగని అన్యాయం చూసి బయటివాళ్ళు నోరు మూసుకోవాలని నేననను. మాట వేరు, మెడ మీద కత్తి వేరు. మన 377 సెక్షను పోయింది అప్పు ఆపినందుకు కాదు. ఈ దేశపు పౌరులే 2001 నుంచి ఈ దేశపు కోర్టుల మెట్లు ఎక్కినందుకు.

ముగింపు

చేతిగీత తల్లి కడుపులో పడుతుంది. దాన్ని మార్చలేం, మార్చనక్కరలేదు కూడా. చట్టం రాత మనుషులు రాసేది. చెరువులో పూడిక వున్నట్టే పాత చట్టంలోనూ పూడిక వుంటుంది. దాన్ని "తలరాత" అనుకుంటే పార పట్టేవాడుండడు. మిత్రులారా, ఎవరి బతుకైనా చూసి "వాడి రాత అంతే" అనబోయే ముందు, ఆ రాత ఎవరు రాశారో, ఏ సంవత్సరంలో రాశారో ఒక్కసారి విచారించండి. లైబ్రరీలో దొరుకుతుంది.