నిమిషానికొక డిగ్రీ

మాధురీ,

దాచిన మూలకణాలు బయటికి తీస్తే సగం చచ్చిపోయాయని ఫోన్లో వాపోయావు. గడ్డకట్టించిన తీరంతా పూసగుచ్చినట్టు చెప్పావు గానీ, కరిగించిన తీరు గురించి ఒక్క ముక్క అనలేదు. నాకు అక్కడే అనుమానం.

మంచు కత్తిలా కణాన్ని చీలుస్తుందనుకుంటారు. సగమే నిజం. మంచు మొదట కణం బయట కడుతుంది. ఉప్పు అందులో ఇమడదు, మిగిలిన కాసిని నీళ్లలో చేరి చిక్కబడుతుంది. మీ అమ్మమ్మ మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట దిగి ముక్క వడిలిపోదూ, కణానికీ అదే గతి. మరీ నెమ్మదిగా చల్లబరిస్తే వడిలి చస్తుంది. మరీ తొందరపడితే నీరు బయటికి వచ్చే వ్యవధి లేక లోపలే మంచు కడుతుంది. ఈ రెండు చావుల లెక్క తేల్చినవాడు పీటర్ మేజర్. నువ్వు చల్లబరచడంలో పాటించిన నిమిషానికొక డిగ్రీ వేగం ఆ రెంటికీ మధ్య దారి.

కాపాడే మందు దొరికింది మాత్రం పొరపాటున. 1949లో లండన్లో పోల్జ్, స్మిత్, పార్క్స్ చక్కెర ద్రావణమనుకుని వాడిన సీసాలో గ్లిసరాల్ ఉంది. చీటీ తారుమారైంది! కోడిపుంజు వీర్యకణాలు బతికాయి. పదేళ్లకు లవ్‌లాక్ అలాగే కాపాడే డీఎంఎస్‌వో అనే మందును చూపించాడు. నువ్వు వాడేది అదే. చలిలో రక్షిస్తుంది, వెచ్చబడితే విషం.

ఇక కరిగించడం. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో కణానికి ఏళ్లయినా ఏమీ కాదు. పైకి వచ్చే దారిలోనే గండం. నెమ్మదిగా వేడెక్కితే చిన్న మంచు పలుకులు కలిసి పెద్దవవుతాయి. నా తొలిరోజుల్లో ఒకసారి వయల్ చేత్తో పట్టుకుని వరండాలో కబుర్లలో పడ్డాను. అంతే, ఆ వయల్ పోయింది. 37 డిగ్రీల నీళ్లలో గబగబా తిప్పు, చిన్న మంచు పలుకు మిగలగానే తీసెయ్యి. తర్వాత మాత్రం తొందరొద్దు. మీడియం చుక్కచుక్కగా పొయ్యి. ఒక్కసారిగా పోస్తే నీరు లోపలికి దూసుకెళ్లి కణం ఉబ్బి పగులుతుంది.

ఇదంతా విడి కణాల సంగతి. అవయవపు ముక్కలు దాచాలంటే, ముక్క పెద్దదయ్యేకొద్దీ కష్టం ఎక్కువ. 2004లో బెల్జియంలో క్యాన్సర్ చికిత్సకు ముందు దాచిన అండాశయపు పొరను తిరిగి అమర్చితే ఒకామె బిడ్డను కన్నది. ఆ ముక్కలు పలచన కాబట్టి సాగింది. మూత్రపిండానికి పైపొర వేడెక్కేసరికి లోపల చల్లగానే ఉంటుంది, పగుళ్లిస్తుంది. 2023లో మినసోటా పరిశోధకులు మంచు కట్టనివ్వకుండా గాజులా బిగించి, రక్తనాళాల్లోకి ముందే పంపిన ఐరన్ ఆక్సైడ్ నలుసులను అయస్కాంత క్షేత్రంతో వేడిచేసి, 100 రోజులు దాచిన ఎలుక మూత్రపిండాన్ని మళ్లీ పనిచేయించారు. మన మూత్రపిండం దానికి ఎన్నో రెట్లు పెద్దది. నాకు ఆశే గానీ తొందర లేదు.

ఇంకొకటి. కరిగించిన వెంటనే రంగు వేసి లెక్కపెట్టి మురిసిపోకు. బతికున్నట్టు కనిపించినవి రాత్రికి రాలిపోతాయి. మర్నాడు లెక్కపెట్టి అప్పుడు ఫోను చెయ్యి.

మీ తాతయ్య